కవలలకన్నా ముందు పుట్టిన తావియా

(ఘనాలో ప్రా నది ఒడ్డున ఉన్న ఒక ఇంజనీరింగు కళాశాలలో, సివిల్ ఇంజనీరింగు శాఖాధిపతి ప్రొఫెసర్ డోర్కస్ ఒఫోసువా తన పదవీ విరమణ సభలో చేసిన ప్రసంగం)

సభకు పెద్దరికం వహిస్తూ, కరెంటు పోయి ఫ్యాన్లు ఆగినా చిరునవ్వు ఆగనివ్వని ప్రొఫెసర్ సలీఫు గారికి. ఈ నేలకూ ఈ నదికీ తల్లి, రాజమాత నానా సాఫోవా గారికి (నానా, తమరి ముందు చెప్పులతో నిలబడకూడదని నాకు తెలుసు, విప్పేశాను, ఈ బల్ల అడ్డంగా ఉండి కనబడటం లేదంతే, కావాలంటే మైకు దగ్గరున్న మన రెవరెండు గారు వంగి చూసి సాక్ష్యం చెబుతారు). ముందు వరసలో కూర్చున్న డీన్ ఒవిరెడు గారికి, నా తోటి అధ్యాపకులకు, ఆఫీసు వాళ్ళకు, ఇందాకటి నుంచి జొలొఫ్ అన్నం వాసన హాల్లోకి పంపిస్తూ నా ప్రసంగాన్ని సగానికి కోసేయాలని చూస్తున్న వంటవాళ్ళకు, ఆ వాసన వల్ల ఇప్పుడు నా మాట ఒక్కటీ వినని నా విద్యార్థులకు నమస్కారం. ఎవరి పేరైనా వదిలేసి ఉంటే, మన దేశంలో ప్రతి వక్తా అన్నట్టే నేనూ అంటాను, మర్యాదలన్నీ జరిగిపోయాయనుకోండి. (నవ్వులు)

నాకు ముందు మాట్లాడినవాళ్ళు నన్ను చాలా పొగిడారు. మామూలుగా మనవైపు ఇన్ని మంచి మాటలు మనిషి పెట్టెలో పడుకున్నాక గానీ అనరు, అదీ నల్లబట్టలు కుట్టించుకుని, బ్యాండు పిలిపించి మరీ అంటారు, అలాంటిది నాకు నిలబడి ఉండగానే దక్కాయి. సంతోషం. కానీ నా గురించి ఇంక చాలు. సభ నాది, మైకు నా చేతిలో ఉంది, రేపట్నుంచి నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తామని బెదిరించడానికి కూడా ఎవరికీ వీల్లేదు. (నవ్వులు, చప్పట్లు) అందుకని నా ఇష్టం వచ్చిన విషయం మాట్లాడతాను. నేను మాట్లాడేది తావియా గురించి.

మీలో చాలామందికి ఆమె డాక్టర్ ఫెలీషియా ఒడూరో. మన శాఖలో అందరికన్నా చిన్న అధ్యాపకురాలు. జాతీయ విజ్ఞాన మండలి యువ అధ్యాపకులకు ఇచ్చే పురస్కారం ఈ ఏడాది దేశం మొత్తమ్మీద ఇంజనీరింగులో ఒక్కరికే ఇచ్చారు. ఆ ఒక్కరూ రాజధానిలో లేరు, కుమాసిలో లేరు, అదిగో, ఆ స్తంభం వెనక దాక్కుని కూర్చున్నారు. లేమ్మా. ఒకసారి లేచి నిలబడు. రుమాళ్ళు ఏవి? ఊపండి! (చాలాసేపు చప్పట్లు, కేకలు) చాలు, కూర్చో, మళ్ళీ మీ అమ్మ ఏడుస్తుంది.

కొత్తగా చేరిన పిల్లలకు ఈ పురస్కారం విలువేమిటో చెప్పనివ్వండి. ఇది మెడలో వేసే పతకం కాదు, గోడకు తగిలించే అద్దాల పటమూ కాదు. పాఠాలు చెప్పడం మొదలెట్టి ఎంతో కాలం కాని మనిషికి సర్కారు ఐదేళ్ళపాటు ఒక ప్రయోగశాలనూ, సాయానికి విద్యార్థులనూ, కావలసిన యంత్రాలనూ ఇచ్చి, ‘నీ ఆలోచన నువ్వే కానివ్వు, ఏ పెద్దమనిషి గుమ్మం ముందూ చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు’ అనడం. మన దేశంలో ఇది మొదలై ఎంతో కాలం కాలేదు. నా కాలంలో లేదు. నేను ఈ కాలేజీలో చేరినప్పుడు, నీళ్ళు పారే గాజు కాలువ ఒకటి కావాలని, చిన్నదే, ఈ బల్లకు రెండింతలుండేది, అడిగాను. ‘ముందు పెద్దవాళ్ళవి కానీ అమ్మా’ అన్నారు. పెద్దవాళ్ళవి అయ్యాయి. వాళ్ళ తర్వాత ఇంకా పెద్దవాళ్ళు వచ్చారు. చివరికి నా వంతు వచ్చి ఆ కాలువ లారీలోంచి దిగేనాటికి నాకు కళ్ళజోడొచ్చింది, మోకాళ్ళ నొప్పులొచ్చాయి, రోజంతా మీటింగులొచ్చాయి, ఆ కాలువతో ఏం చేద్దామనుకున్నానో ఆ ఆలోచన మాత్రం రాలేదు. పళ్ళున్నప్పుడు శనగల్లేవు, శనగలొచ్చేసరికి పళ్ళు లేవు. నవ్వుతూ చెబుతున్నాను గానీ, నిజం చెప్పాలంటే ఈ ఉద్యోగంలో నాకు మిగిలిన దుఃఖం అదొక్కటే.

అందుకని తావియా వచ్చి, ‘ప్రొఫ్, ఆ పాత పోతపని షెడ్డు నాకివ్వండి, లోపలి గబ్బిలాలతో సహా తీసుకుంటాను’ అన్నప్పుడు వెంటనే తాళం చేతిలో పెట్టేశాను. ఆ షెడ్డులో ఏం చేస్తోందో నానాకు తెలుసు, తమరే స్వయంగా వచ్చి చూశారు. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ప్రా నీళ్ళలో నిలబడితే కాలి వేళ్ళు కనిపించేవి. ఇప్పుడు ఎగువన బంగారం కోసం ఒడ్డులన్నీ తవ్వేస్తే నది కప్పులో కలిపిన మైలోలా, ఆ చాక్లెట్ పాలలా ఉంది. నీళ్ళ ప్లాంటు వాళ్ళు రసాయనం పోసీ పోసీ విసిగిపోయి మిషన్లు ఆపేస్తున్నారు. మా తావియా బంకమట్టిలో పామాయిలు గింజల చిప్పల పొడి కలిపి, కాల్చి, పలకలు చేసింది. పైన మైలో పోస్తే కింద నీళ్ళొస్తాయి. ఒక బక్కెట్టుకు వస్తున్నాయి. ఊరంతటికీ రావాలంటే కొలిమి కావాలి, పంపులు కావాలి, మనుషులు కావాలి, ఐదేళ్ళు కావాలి.

అవేవీ లేకపోతే ఏమవుతుందో కూడా మాకు తెలుసు. షెడ్డు పడగొట్టి కార్లు పెట్టుకోవడానికి జాగా చేయాలని కమిటీ తీర్మానం అప్పటికే అయిపోయింది. ఆ కమిటీ వాళ్ళు ఇక్కడే ఉన్నారు, పేర్లు చెప్పను, వాళ్ళ కార్లు పెద్దవి. (నవ్వులు) ఇంకోపక్క బంగారం తవ్వే కంపెనీ ఒకటి తావియాకు ఇల్లూ, బండీ, ఇక్కడి జీతానికి ఎన్నో రెట్లూ ఇస్తామని కబురు పెట్టింది. నదిని పాడుచేసేవాళ్ళ దగ్గర నదిని బాగుచేసే పిల్లకి ఉద్యోగం! ఆమె వద్దంది. కానీ ఎన్నాళ్ళని వద్దంటుంది? ఈ పురస్కారం రాకపోతే ఆమెను ఆపే మొహం నాకు లేదు.

దరఖాస్తు పంపాం. పోయినంత వేగంగా తిరిగొచ్చింది. చదవనుకూడా లేదు. కారణం ఒక్క ముక్క: వయసు నలభై దాటింది.

నేను తావియాను పిలిచి, ‘నలభయ్యేమిటే, నువ్వు నా కళ్ళముందు చదువుకున్న పిల్లవి’ అన్నాను. తల వంచుకుని, ‘కాగితం మీద అంతే ప్రొఫ్’ అంది. అప్పుడు చెప్పింది కథ. ఆమె అన్నలిద్దరూ కవలలు, అటా పానిన్, అటా కక్రా. వాళ్ళను బడిలో వేసిన రోజున, మా అన్నలతో నేనూ పోతానని నాలుగేళ్ళ తావియా వెంటబడి ఏడ్చింది. హెడ్మాస్టరు కొరాంటెంగ్ గారు, పైలోకంలో చల్లగా ఉండుగాక, అందరికీ పెట్టే పరీక్షే పెట్టారు: చెయ్యి నెత్తిమీదుగా తిప్పి అవతలి చెవి అందుకోవాలి, అందితే ఆరేళ్ళు నిండినట్టు. కవలలవి పొట్టి చేతులు. అందలేదు. (నవ్వులు) నవ్వకండి, వాళ్ళిద్దరూ ఇక్కడే ఉన్నారు. ఆసుపత్రిలో పుట్టారు గనక సర్టిఫికెట్లు చూపించి చేర్పించారు. తావియా చేతులు చూశారుగా, ఇప్పటికీ ఫ్యాను రెక్కలు నిచ్చెన లేకుండా తుడుస్తుంది. అందింది! ఒక్క చెవి కాదు, ఆ చెవి పట్టుకుని మెలేసి మరీ చూపించిందట. సర్టిఫికెట్టు లేని పిల్లలందరికీ హెడ్మాస్టరు గారు రాసే పుట్టినరోజు ఒకటుంది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మార్చి ఆరు. ఆయన చేతిమీదుగా మన తాలూకాలో సగం మంది ఆ రోజే పుట్టారు. అదే తారీకు రాసి, ఆరేళ్ళు నిండేట్టు సంవత్సరం వెనక్కి నెట్టి, ఇంగ్లీషు పేరు లేకపోతే రేపు పెద్ద పరీక్షలకు కష్టమని, ఇంట్లో పిలిచే పేరు కొట్టేసి ఫెలీషియా అని కూడా ఆయనే పెట్టారు. ఆ రోజు అందరూ సంతోషంగా ఇంటికెళ్ళారు.

‘మరి మార్పించుకోవేం?’ అన్నాను.

‘వదిలేయండి ప్రొఫ్. ప్రయోగం లెక్కలు మనకు కావలసినట్టు దిద్దకండర్రా అని రోజూ పిల్లలకి చెబుతూ నా వయసు నేనే దిద్దుకోమంటారా?’

‘దిద్దుకోవడం కాదే తల్లీ, ఎవరో దిద్దినదాన్ని సరిచేసుకోవడం.’

‘వినేవాళ్ళకి రెండూ ఒకటే కదండీ’ అంది. అదీ నిజమే. మన దేశంలో వయసు మార్పించుకునేవాడు ఎప్పుడైనా పెంచుకున్నాడా? కుర్చీ దిగాల్సిన ఏడాది వచ్చేసరికి ఎంతమందికి తమ అసలు పుట్టినరోజు జ్ఞాపకం రాలేదు! నేను ఎవరినీ చూడటం లేదు. (నవ్వులు) పైకప్పు చూస్తున్నాను.

సరే, వాళ్ళ అమ్మ మామీ సెర్వా దగ్గరికి వెళ్ళాను. అమ్మా, కోపగించుకోకు, మన సంభాషణ చెప్పేస్తున్నాను. ‘ఈ పిల్ల ఎప్పుడు పుట్టింది?’ అని అడిగితే, ‘శుక్రవారం. సంత రోజు. నెత్తిమీది టమాటాల తట్ట దించేలోపే దిగింది’ అంది. ‘ఏ సంవత్సరం అమ్మా?’ అంటే, ‘టమాటాలు బాగా పలికిన సంవత్సరం’ అంది. (పెద్ద నవ్వులు) దాంతో ఏ కోర్టుకు పోతాం!

నేను అక్కడా ఇక్కడా కేకలేసి, పాత శిష్యుల చెవులు పట్టుకుని, మండలి వాళ్ళు ఒక్కసారి మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి వినేట్టు చేశాను. పానిన్ తన ట్రోట్రో బండికి ఆ రోజు ప్రయాణికులను మానుకుని మమ్మల్ని అక్రా తీసుకెళ్ళాడు. కక్రా తోడొచ్చాడు, ఎందుకంటే ఒకడు కదిలితే రెండోవాడు ఆగడు. మండలి కమిటీ పెద్ద డాక్టర్ అంపొన్సా గారు, తెల్లజుట్టు, గంజిపెట్టిన చొక్కా. మా కాగితాలు తెరవకుండానే, ‘మేడమ్, కాగితం మీద నలభై దాటింది. కాగితం కాగితమే’ అన్నారు.

‘రాసింది మనిషే కదండీ’ అన్నాను.

‘బహుమానం పెట్టామంటే చాలు, దేశంలో అందరూ చిన్నపిల్లలైపోతున్నారు. ఇదేమన్నా కుర్రాళ్ళ ఫుట్‌బాల్ జట్టా, వయసు కోసుకుని రావడానికి?’

నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయాను. తావియా బల్లకింద నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంక అయిపోయింది, షెడ్డు పోయింది, పిల్ల పోయింది అనుకున్నాను. కనీసం పలకను చూపిస్తామండీ అని బతిమాలుకుంటే, చూపించమన్నారు. చూస్తే పలకను పెట్టిన పెట్టె లేదు. బండిలోనే వదిలేసి వచ్చింది! ఇంత చదువూ చదివి!

అప్పుడు, కాగల కార్యం గంధర్వులే తీర్చారంటారే, ఆ గంధర్వులు రబ్బరు చెప్పులతో వచ్చారు. వాకిట్లో గొడవ, సెక్యూరిటీ వాళ్ళ అరుపులు, తలుపు ధడేలున తెరుచుకుంది. నెత్తిన పెట్టెతో పానిన్, వెనకాలే కక్రా. ‘తావియా! ఒసే తావియా! పెట్టె బండిలోనే వదిలేసి పోతివి, బుర్ర కూడా అందులోనే పెట్టావా ఏంటి?’

అంపొన్సా గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

‘ఎవరు వీళ్ళు? నాకు ఒకే మొహం రెండుసార్లు కనబడుతోంది.’

‘మా అన్నలండి. కవలలు.’

‘మరి తావియా ఎవరు?’

‘నేనేనండి’ అంది. ‘ఇంట్లో పేరు. అఫువా తావియా.’

మనలో ఎవరికీ విడమరచక్కర్లేదు, కానీ కెమిస్ట్రీ శాఖకు బయటిదేశం నుంచి కొత్తగా వచ్చిన మాస్టారు ఇందాకటి నుంచి అయోమయంగా చూస్తున్నారు, ఆయన కోసం చెబుతాను. మాలో శుక్రవారం పుట్టిన ఆడపిల్లకు అఫువా అనీ, కవలల తర్వాత అదే కడుపున పుట్టిన బిడ్డకు, ఆడైనా మగైనా, తావియా అనీ పేరు. ఆ పేరు ఎవరూ సరదాకు పెట్టుకోరు. ముందు కవలలుంటేనే తావియా ఉంటుంది. ఇన్నేళ్ళూ ఆ పేరుతో పిలిచిన నాకే అది తట్టలేదు చూడండి!

అంపొన్సా గారు పానిన్ వైపు చెయ్యి చాపి, ‘నీ డ్రైవింగు లైసెన్సు ఇలా ఇవ్వు బాబూ’ అన్నారు. వాడు పోలీసులకిచ్చినంత భయంగా ఇచ్చాడు. ఆయన లైసెన్సు ఒక చేత్తో, తావియా కాగితం ఇంకో చేత్తో పట్టుకుని, ఇటు చూసి అటు చూసి, ‘అన్నలు నవంబరులో పుట్టారు. వాళ్ళ తర్వాత పుట్టాల్సిన చెల్లెలు అదే ఏడాది మార్చిలోనే పుట్టేసింది! వాళ్ళమ్మ మామూలు మనిషి కాదు, ఈ పురస్కారమేదో ఆవిడకివ్వాలి’ అన్నారు. (నవ్వులు) ఆ తర్వాత ఫోను తీసి క్యాలెండరు చూసి, ‘పైగా ఆ మార్చి ఆరు ఆదివారం. శుక్రవారం పుట్టి అఫువా అయిన పిల్లకి ఆదివారం పుట్టినరోజు రాసిన మహానుభావుడెవరు?’ అన్నారు. నేను హెడ్మాస్టరు గారి సంగతి, చెవి సంగతి చెప్పాను. తావియాను చెయ్యి తిప్పి చూపించమన్నారు. చూపించింది. కమిటీలో ఒకాయన బల్లమీద తల వాల్చి నవ్వారు.

నవ్వినంత మాత్రాన సంతకం పెట్టేయలేదు లెండి. ఆసుపత్రిలో కవలల నమోదు తెప్పించారు, తల్లిని విచారించారు, మామీ సెర్వా వాళ్ళకీ టమాటాల ధరే చెప్పింది. తావియా పుట్టిన ఏడాది ఏదైనా కవలల తర్వాతే కావాలి, కవలలకే ఇంకా నలభై నిండలేదు, కాబట్టి ఈ పిల్లకు నిండే ప్రశ్నే లేదని తేల్చారు. అప్పుడు గానీ పెట్టె తెరిచి పలకను చూడలేదు. చూశాక మాత్రం ఇంకే దరఖాస్తూ వాళ్ళ కంటికి ఆనలేదట.

కబురొచ్చినప్పుడు నేను బజార్లో పెండలం బేరమాడుతున్నాను. ‘ప్రొఫ్, ఇచ్చారు’ అంది ఫోన్లో. ‘ఎవరికి?’ అన్నాను తెలివితక్కువగా. ‘మనకి’ అంది. నాకు అనకుండా మనకి అంది! నేను ఆ బజారు మధ్యలో, ఈ వయసులో, ఈ మోకాళ్ళతో డాన్సు చేశాను. పెండలాలమ్మే ఆవిడ, నాకు మనవడు పుట్టాడనుకుని, ఒకటి ఉచితంగా ఇచ్చింది. ఇంటికెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను కూడా. సంతోషంతోనే. అందులో కాస్త ఏడుపు నా గాజు కాలువ కోసం, అది కూడా ఒప్పుకోవాలి. నాకు రాని రోజు ఈ పిల్లకు వచ్చింది. వచ్చింది, చూశాను, చాలు.

(మంచినీళ్ళు తాగారు)

కానీ ఇంకో ముడి ఉంది. మండలి షరతు ఒకటుంది: పురస్కారం తీసుకున్నవాళ్ళ పాఠాల బరువు సగానికి తగ్గిస్తామని కాలేజీ సంతకం పెట్టాలి. పెట్టకపోతే పురస్కారం వరసలో తర్వాతి వాళ్ళకు పోతుంది. ఆ కాగితం డీన్ గారి ఫైల్లో ఉంది, గడువు ఈ వారంతో సరి. డీన్ గారూ, మీమీద నింద వేయడం లేదు. మీ కష్టం నాకు తెలుసు. కొత్తవాళ్ళను తీసుకోవద్దని పైనుంచి ఆజ్ఞ, ఉన్నవాళ్ళు రెండింతలు చెబుతున్నారు, ఇవాళ్టితో నేనూ పోతున్నాను. ‘ఆ పిల్లను వదిలేస్తే మొదటి సంవత్సరం వాళ్ళకు నీళ్ళ పాఠాలు ఎవరు చెబుతారు, మీరా?’ అని మొన్న నన్ను అడిగారు. కోపంలో అన్నారు. నేను ఇంటికెళ్ళి ఆలోచించాను.

నేనే. (సభలో కలకలం) సోమవారం పొద్దుటి నుంచి. జీతం వద్దు, గది వద్దు, పేరుకు ముందు ఏమీ తగిలించొద్దు. తావియా పాఠాల్లో సగం నావి, ఈ ఐదేళ్ళూ నావి. రిటైరైనవాళ్ళు పాఠం చెప్పకూడదని రూలుందా? లేదు, చూసుకునే వచ్చాను. తావియా, అలా తల అడ్డంగా ఊపకు. నీకు కావలసినప్పుడు నీకు దొరకాలి, అంతే, ఇందులో నువ్వు మాట్లాడటానికేం లేదు.

డీన్ గారూ, ఆనవాయితీ ప్రకారం ఇలాంటి సభలో చివరికి నేను సెలవు అడగాలి, మీరంతా ఇవ్వాలి. అడుగుతున్నాను. నానా ఎదుట, ఇంతమంది ఎదుట అడుగుతున్నాను.

(డీన్ ఒవిరెడు గారు లేచారు. ఫైలులోంచి ఆ కాగితం తీసి, ఆనించడానికి ఏమీ దొరక్క రెవరెండు గారి వీపుమీద పెట్టి సంతకం చేశారు. సభంతా లేచి నిలబడింది.)

ధన్యవాదాలు డీన్ గారూ. ఎండలో వచ్చినవాళ్ళకూ, ఆకలితో ఓర్చుకున్నవాళ్ళకూ, నన్ను ఇన్నేళ్ళు భరించినవాళ్ళకూ అందరికీ ధన్యవాదాలు. నాకివ్వాల్సిన సెలవు తావియాకిచ్చారు. సగం పాఠాల నుంచి ఆమెకు సెలవు.